ఎగ్జిబిషన్‌లో చీరల స్టాలు పెడుతున్నాం, రిస్క్ అసెస్‌మెంట్ ఫారంలో ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మంగళగిరి చేనేత చీరలతో మీరు, మీ తమ్ముడు కలిసి హైదరాబాదులో సంక్రాంతి సీజను ఎగ్జిబిషన్‌కి మొదటిసారి వస్తున్నారు. నిర్వాహకులు స్టాలు కాగితాలతో పాటు రిస్క్ అసెస్‌మెంట్ (ఏ ప్రమాదాలు రావొచ్చు, వాటికి ఏం చేస్తారు) అని ఒక ఫారం పంపారు. ఏటా వచ్చే వ్యాపారి ఒకాయన "అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టి ఇచ్చెయ్యమ్మా, ఎవరూ చదవరు" అన్నాడు. మీ తమ్ముడేమో భద్రత చూడాల్సింది వాళ్లు కదా, మనమెందుకు రాసివ్వాలి అంటున్నాడు. అసలు ఏం చూడాలి, ఏం రాయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. 'లేదు' అని రాసి సంతకం పెట్టకండి. మీ స్టాలులో ఉండేవి బట్ట, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు, ప్లైవుడ్డు. అన్నీ కాలేవే. అలాంటిచోట 'అగ్నిప్రమాదానికి అవకాశం లేదు' అని రాసి సంతకం పెడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ కాగితం మీకే అడ్డం తిరుగుతుంది. ఐదారు నిజమైన ప్రమాదాలు రాయండి. ఒక్కోదానికి ఎదురుగా ఏం చేస్తారో, ఎవరు చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాయండి. ఒక పేజీ చాలు. కానీ రాసేముందు స్థలం చూడాలి, అదీ వెనకవైపు నుంచి. నేను ఎలక్ట్రికల్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు ఎగ్జిబిషన్లలో స్టాళ్ల తనిఖీలు చేస్తుంటాను. నేను చూసినంతలో, స్టాలు మీదికి వచ్చే ముప్పులో సగానికి పైగా ఆ స్టాలులో పుట్టేది కాదు. పక్క స్టాలులో పుడుతుంది, వెనక సందులో పుడుతుంది, జనం లేని వేళల్లో పుడుతుంది.

ముందు మీ తమ్ముడి మాట చూద్దాం. అందులో న్యాయం ఉంది. దారులు, గేట్లు, మెయిన్ కరెంటు, ఫైరింజను లోపలికి వచ్చే వెడల్పు, ఇవన్నీ నిర్వాహకుల బాధ్యతే. 2006 ఏప్రిల్ 10న ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ విక్టోరియా పార్కులో కన్జ్యూమర్ ప్రదర్శన చివరి రోజున మంటలు లేచి 65 మంది చనిపోయారు. పందిళ్లు వేసింది, కరెంటు పని చేసింది కాంట్రాక్టరు, మాకేం సంబంధం అని నిర్వాహకులు వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2022లో ఇచ్చిన తీర్పులో పరిహారం భారాన్ని నిర్వాహకుల మీద 60, రాష్ట్ర ప్రభుత్వం మీద 40 పాళ్లలో వేసింది. అంటే పని ఇంకొకరికి అప్పగించినంత మాత్రాన బాధ్యత పోదు. ఈ తర్కం మీకూ వర్తిస్తుంది తమ్ముడూ. మీ స్టాలులో లైట్లు బిగించడానికి మీరు తెచ్చుకున్న కుర్రాడు వైరు సరిగ్గా కలపకపోతే 'వాడు చేశాడండీ' అంటే సరిపోదు. ఆ పది అడుగుల చోటు అద్దెకు తీసుకున్నది మీరు.

రెండో కారణం ఇంకా దగ్గరిది. 2019 జనవరి 30 రాత్రి హైదరాబాదులోనే నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మంటలు లేచాయి. వందల స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణాలు పోలేదు, పొగ పీల్చి కొందరు ఇబ్బంది పడ్డారు. సరుకు పోయిన వ్యాపారులు నష్టపరిహారం కోసం ఆందోళన చేశారు. అంత మందిలో ఎంత మంది స్టాలులో తప్పు జరిగి ఉంటుంది? ఎక్కడో ఒకచోట అంటుకుంటే వరసలో ఉన్నవన్నీ పోతాయి. అందుకే మీ ఫారంలో 'నా స్టాలు' అని మాత్రమే ఆలోచిస్తే అది సగం ఫారం.

కరెంటు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. చీరల స్టాలులో మొదటి శత్రువు ఇదే. నిర్వాహకులు మీకు ఇంత లోడు అని ఇస్తారు. మీరు స్టాలులో ఏమేం పెడతారో కాగితం మీద రాసి కూడండి. ఉదాహరణకు 20 వాట్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు పది ఉంటే 200 వాట్లు. రెండు ఫ్యాన్లు 120 దాకా. ఇస్త్రీపెట్టె 1000. టీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్ 1500. మొత్తం 2820. దాన్ని 230తో భాగిస్తే 12 ఆంపుల పైచిలుకు. మీకు ఇచ్చింది 6 ఆంపుల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి) అనుకోండి, అది మోసేది 1400 వాట్ల లోపే. కెటిల్ ఒక్కటి పెట్టినా ఆ హద్దు దాటుతుంది, అన్నీ కలిపి వేస్తే ట్రిప్పవుతుంది.

ట్రిప్పయితే మంచిదే, అది దాని పని. అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. మాటిమాటికీ పడిపోతోందని మీరు గొడవ చేస్తారు, ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి 6 తీసేసి 32 ఆంపుల ఎంసీబీ బిగించి వెళ్తాడు. మీకు హాయి. కానీ వైరు అదే సన్నటి వైరు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. ఇప్పుడు వైరు లోపల వేడెక్కి కరిగిపోతున్నా అది పడదు. ఆ వైరు వెళ్లేది మీ ప్లైవుడ్డు వెనక నుంచి, చీరల పెట్టెల మీదుగా. ఎవరైనా ఎంసీబీ మారుస్తానంటే 'వైరు కూడా మారుస్తావా?' అని అడగండి. మార్చనంటే వద్దనండి. అంతకంటే తేలికైన దారి కెటిల్ ఇంట్లోనే వదిలి రావడం. టీ అమ్మేవాళ్లు వరసకు నలుగురు తిరుగుతుంటారు.

ఇంకా చూడాల్సినవి: ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింట్లు ఎన్ని ఉన్నాయి? ప్లగ్గు లేకుండా ఒట్టి తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చారా? (నవ్వకండి, ఏటా చూస్తాను.) ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టారా? ఎర్తు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో తోశారా? మీ లైన్లో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉందా? ఇది మనిషికి షాకు కొట్టినప్పుడు కరెంటును కట్ చేసేది. ఎంసీబీ ఆ పని చేయదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది, నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది గోడకు బొమ్మ.

పొద్దున్నే దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు. అందుకని జంక్షన్ బాక్సు నేల మీద ఉంటే తీయించి కనీసం మోకాలెత్తున కట్టించండి.

హాలోజన్ లైట్లు ఇప్పుడు తగ్గాయి గానీ పోలేదు. చీర రంగు బాగా కనిపిస్తుందని 500 వాట్ల హాలోజన్ తెచ్చి, పైకప్పు నుంచి జాలువారే పట్టుచీరకు జానెడు దూరంలో పెట్టేవాళ్లున్నారు. హాలోజన్ అసలు వద్దు. ఎల్‌ఈడీ అయినా చీరకు తగిలేలా ఉండొద్దు.

ఇస్త్రీపెట్టె గురించి ఒక్క మాట. ఒక ఊళ్లో తనిఖీకి వెళ్లినప్పుడు చీరల స్టాలులో టేబులు మీద దుప్పటి సగం మాడి ఉంది. కరెంటు పోయినప్పుడు ఇస్త్రీ మధ్యలో ఆపేశారు, స్విచ్చి తీయడం మరిచి భోజనానికి పోయారు, వాళ్లు తిరిగొచ్చేలోపే కరెంటు వచ్చింది. పక్క స్టాలాయన వాసన పసిగట్టి ప్లగ్గు పీకేశాడు కాబట్టి సరిపోయింది. కరెంటు పోగానే అన్ని స్విచ్చులూ తీసెయ్యడం అలవాటు చేసుకోండి. ఫారంలో ఇది రాస్తే చదివేవాడికి మీరు నిజంగా ఆలోచించారని తెలుస్తుంది.

నిప్పు మనమే తెచ్చుకునేవి. ఉదయం గల్లాపెట్టెకు పూజ చేసి అగరొత్తులు గుచ్చుతాం, హారతి కర్పూరం వెలిగిస్తాం. రాత్రి పడుకునే కుర్రాళ్లు దోమల చుట్ట వెలిగిస్తారు, పక్కనే అట్టపెట్టెలు. అన్నం వండుకోడానికి చిన్న స్టవ్వో, కరెంటు కుక్కరో తెస్తారు. పూజ మానమని నేను చెప్పను, చెప్పినా వినరు. స్టీలు పళ్లెంలో, స్టాలు ముందు బయట, ఒకరు పక్కన నిలబడి, ఆరిపోయేదాకా చూడాలి. దోమల చుట్ట బదులు దోమతెర. వంట మాత్రం స్టాలులో ఏ రూపంలోనూ వద్దు.

ఇక పక్కవాళ్లు. స్టాలు నంబరు రాగానే అటు ఇటు ఎవరో, వెనక ఎవరో అడిగి రాసుకోండి. ఒకసారి ఓ బట్టల వరసను చూస్తూ పార్టిషను మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అవతల మిర్చి బజ్జీల స్టాలు. వాళ్ల పొయ్యి గోడకు ఆనించి ఉంది. మధ్యలో ఉన్నది ఒక ప్లైవుడ్డు ముక్క, దానికి ఇవతల నైలాన్ చీరల కట్టలు. రెండు స్టాళ్లవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఎందుకంటే ముఖద్వారాలు వేరే వరసల్లో ఉన్నాయి. వెనక్కి తిరిగి వెళ్లి చూడండి అని నేను అంటున్నది ఇందుకే. తినుబండారాల స్టాలు ఆనుకుని ఉంటే మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టండి, సరుకు దించాక ఎవరూ మార్చరు. గ్యాసు సిలిండరు ఉందనుకోండి, అది నిలబెట్టి ఉందా, పొయ్యికి ఎడంగా ఉందా, ట్యూబు పగుళ్లు లేకుండా ఉందా చూడొచ్చు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకయితే పైకి పోదు, నేల వెంట పాకి మీ ప్లాట్‌ఫాం కింద చేరుతుంది. వాసన వస్తే లైటు స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. మనుషుల్ని బయటికి పంపి నిర్వాహకుల కంట్రోలు రూముకు చెప్పాలి. గ్యాసు లీకు ఫిర్యాదు నంబరు 1906, ఫైరు 101, రెండూ గుర్తు రాకపోతే 112.

పందిరి గుడ్డ, పైకప్పు నిర్వాహకుల పని. అయినా ఐఎస్ 8758 అని తాత్కాలిక పందిళ్లలో అగ్ని జాగ్రత్తల మీద భారతీయ ప్రమాణం ఒకటి ఉందని తెలిసి ఉంటే అడగడానికి బలం వస్తుంది. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) కాపీ ఒకటి చూపించండి అని మర్యాదగా అడగండి. చూపించడానికి తడబడితే మీకు అక్కడే సగం జవాబు దొరికినట్టు.

ఫైర్ ఎక్స్‌టింగ్విషరు. అంటే మంటలార్పే సిలిండరు. చీరల స్టాలుకు 4 కిలోల ఏబీసీ పౌడరుది (బట్ట, నూనె, గ్యాసు మంటలకు పనికొచ్చేది) ఒకటి. కార్బన్ డయాక్సైడుది సరుకును పాడుచేయదు అని అమ్మేవాడు చెప్తాడు. నిజమే, కరెంటు బోర్డుకు అది మంచిది. కానీ బట్టల కట్ట లోపల నిప్పు రాజుకుంటూ ఉంటుంది, ఆ గ్యాసు చెదిరిపోయాక మళ్లీ అంటుకుంటుంది. పౌడరు చల్లితే చీరలు పాడవుతాయని కొందరు సందేహిస్తారు. ఆ సందేహంలోనే మంట కప్పుకు అందుతుంది. పౌడరు వచ్చేది పది, పదిహేను సెకన్లు, అంతే. కాబట్టి ముందే పిన్ను పీకడం, మంట మొదలు మీదికి గురిపెట్టడం ఇద్దరూ నేర్చుకోవాలి. గేజు ముల్లు పచ్చ గీతలో ఉందా, రీఫిల్ తేదీ దాటిందా చూడండి. దాన్ని గల్లా వెనక పెట్టెల కింద కాదు, బయటికి వెళ్లే దారి పక్కన పెట్టండి. మంట దాటుకుని వెళ్లి తెచ్చుకునేది ఎక్స్‌టింగ్విషరు కాదు. కరెంటు కట్ చేశాక బట్ట మంటకు నీళ్ల బకెట్టు కూడా పనికొస్తుంది.

ఒక ఎక్స్‌టింగ్విషరు అయిపోయేలోపు మంట ఆరకపోతే వదిలేసి బయటికి రండి. గల్లాపెట్టె ఎవరు పట్టుకోవాలో ముందే అనుకోండి. చీరల కోసం మాత్రం ఎవరూ లోపలికి తిరిగి వెళ్లొద్దు. ఇది కుర్రాళ్లకు మీ నోటితో చెప్పాలి. లేకపోతే యజమాని సరుకు కాపాడాలని వాళ్లే పరిగెత్తుతారు.

రాత్రి పడుకునేవాళ్లు. నా లెక్కలో ఇది ఫారంలో మొదటి వరసలో ఉండాల్సింది, కానీ ఎక్కడా కనిపించదు. జనం వెళ్లాక కుర్రాళ్లను లోపల పడుకోబెట్టి, దొంగల భయంతో ముందు షట్టరు దించి బయట తాళం వేస్తారు. 2022 అక్టోబరు 23, దీపావళి ముందు ఆదివారం, విజయవాడ జింఖానా మైదానంలో టపాకాయల స్టాళ్లు అంటుకున్నప్పుడు ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ స్టాలులో పనికొచ్చినవాళ్లే. టపాకాయలకు, చీరలకు పోలిక లేదంటారు, సరే. కానీ ఎగ్జిబిషన్లలో భద్రత అంటే అందరూ సందర్శకుల గురించే మాట్లాడతారు, అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ల గురించి ఎవరూ అడగరు. పడుకోనివ్వకపోవడం ఉత్తమం. తప్పదంటే బయట తాళం వద్దు, వెనక ఒక పార్టిషను లోపలి నుంచి తోస్తే తెరుచుకునేలా ఉండాలి, మెయిన్ స్విచ్చి కట్టేసి టార్చిలైటు ఇవ్వాలి, రాత్రి గేటు ఏది తెరిచి ఉంటుందో వాళ్లను నడిపించి చూపించాలి.

చిన్న దెబ్బలు వీటికంటే ఎక్కువ. స్టాలు నేలను ఐదారంగుళాలు ఎత్తు చేసి కార్పెట్ వేస్తారు, ఆ అంచు కనిపించక పెద్దవాళ్లు పడతారు. అంచుకు పసుపు టేపు అంటించండి, చవకైన పని. హ్యాంగర్ల ఇనుప రాడ్లు కంటి ఎత్తులో బయటికి పొడుచుకు రాకూడదు. పైన చీరలు తగిలించడానికి ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కొద్దు, చిన్న నిచ్చెన తెచ్చుకోండి.

ఆదివారాలు, పండగ సెలవులు, ఆ రోజుల్లో రద్దీ వేరు. మైకులో 'ఈ అరగంటే సగం ధర' అని అరిచే ఆఫర్లు పది అడుగుల స్టాలు ముందు తోపులాట తెస్తాయి, వరస దారి మూసుకుపోతుంది. ధర తగ్గించాలంటే రోజంతా తగ్గించండి. మీ సరుకు పెట్టెలు దారిలోకి రాకుండా చూడండి. మీ ముందు దారి ఇంకొకరికి బయటికి వెళ్లే దారి.

ఇప్పుడు ఫారం. అందులో ప్రమాదం ఎంత పెద్దదో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసి, అది జరిగే అవకాశానికి వేసిన మార్కులతో హెచ్చవేసే గడులు ఉంటాయి. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు. మూడు వేయాలా నాలుగు వేయాలా అని బుర్ర బద్దలు కొట్టుకుని, చర్య అనే గడిలో 'జాగ్రత్త వహించబడును' అని రాసేస్తారు. మార్కులు ఏవో వేయండి, చర్య గడి మీద బుర్ర పెట్టండి. ఇలా రాయొచ్చు:

లోడు ఎక్కువై వైరు వేడెక్కడం: మొత్తం లోడు ఇంత. కెటిల్, హీటరు వాడం. జాయింట్లు లేని వైరు. రోజూ మూసేటప్పుడు మెయిన్ కట్టేసేది తమ్ముడు (పేరు).

వెనక నిల్వ ఉన్న సరుకుకు నిప్పు: ఒక రోజుకు సరిపడా సరుకే స్టాలులో. మిగతాది బయట గదిలో. ఖాళీ అట్టపెట్టెలు అదే రోజు తీసివేత.

రాత్రి ఉండే మనిషి: ఎవరూ ఉండరు, లేదా ఇలాంటి ఏర్పాటుతో ఒక్కరు ఉంటారు.

మీ చేతిలో లేనివి కూడా రాయండి: 'వెనక స్టాలులో గ్యాసు పొయ్యి గోడకు ఆనించి ఉంది, జరిపించమని కోరుతున్నాం' అని. తేదీ వేసి, ఫోటో తీసి, మెయిల్లోనూ పంపండి. ఎవరూ చదవరని ఆ వ్యాపారి అన్నది చాలాచోట్ల నిజమే. అయినా అడిగినట్టు రికార్డు ఉంటుంది, పైగా రాతపూర్వకంగా వచ్చినదాన్ని పక్కన పడేయడానికి వాళ్లూ జంకుతారు.

రెండు విషయాలు మిగిలాయి. ఒకటి, బీమా. మంగళగిరి దుకాణానికి అగ్నిప్రమాద పాలసీ ఉంటే అది సాధారణంగా ఆ చిరునామాలో ఉన్న సరుకుకే. హైదరాబాదు స్టాలుకు, దారిలో లారీకి అది వర్తించదు. ఎగ్జిబిషన్ కాలానికి ఆ స్థలాన్ని పాలసీలో చేర్పించమని ఏజెంటును అడిగి, ఔనన్న మాట కాగితం మీద తీసుకోండి.

రెండోది, చివరి రాత్రి. అందరూ ఒకేసారి విప్పడం మొదలుపెడతారు, లారీలు వరసల్లోకి వెనక్కి వస్తాయి, కరెంటు ఇంకా ఉండగానే పైన ఎక్కి లైట్లు పీకుతారు. ఇన్నాళ్లూ లేని దెబ్బలు ఆ ఒక్క రాత్రి తగులుతాయి. వీలైతే సరుకు మాత్రం ఆ రాత్రి ఎత్తేసి, స్టాలు సామాను తెల్లారి విప్పుకోండి. నిర్వాహకులు గడువు ఎప్పటిదాకా ఇస్తారో ఇప్పుడే అడగండి.

స్టాలు నంబరు వచ్చాక వెనకవైపుది ఒకటి, మీ కరెంటు బోర్డుది ఒకటి ఫోటోలు ఇక్కడే పెట్టండి, లోడు లెక్క కూడా రాయండి. ఇచ్చిన ఎంసీబీకి వైరు సరిపోతుందో లేదో చూసి చెప్తాను.